కుందుజ్ లేని గ్రూపు

ఉజున్-బెల్ మేతకొండ,
జూన్ 5

బర్చిన్‌కు,

పిల్లలూ పశువులూ క్షేమమేనా? మా మరిది తెల్లబ్బాయికి నడుంనొప్పి తగ్గిందా, లేక నీ చేత కాళ్ళు పట్టించుకోవడానికి ఇంకా మూలుగుతున్నాడా? ఇక్కడ నేనూ గుర్రాలూ క్షేమం. పదకొండు గుర్రాలు పాలు ఇస్తున్నాయి. బూడిదరంగుది మొన్న నల్లపిల్లను ఈనింది. పిల్ల దగ్గరికి వెళ్తే చెవులు వెనక్కి పెట్టి నన్నే గుర్రుగా చూస్తోంది. ఈసారి గుడారం వాగుకు కాస్త ఎగువన వేశాను.

ఉత్తరం పాలబండి సాపర్ చేతికి ఇస్తున్నాను. వారానికోసారి వచ్చే అతనే మనకు తపాలా. దారిలో విప్పి చదువుతాడని నాకు తెలుసు. సాపర్, చదివితే చదివావు గానీ నూనె చేతులతో ముట్టుకోకు.

ఫోన్ ఊళ్ళో వదిలి కొండెక్కానని మీ ఆయన నవ్వాడట. నవ్వనీ. ఇక్కడ సిగ్నల్ కావాలంటే ఎర్రదిబ్బ దాకా గుర్రం మీద పోవాలి, రానూ పోనూ మూడు గంటలు. గుర్రాలకు రెండు గంటలకోసారి పాలు పితకాలి. ఫోన్ జేబులో ఉంటే నా మనసు దిబ్బ మీదే ఉంటుంది. పోయినేడు అలాగే రోజూ ఎక్కి దిగి సగం పాలు పొదుగుల్లోనే ఇంకిపోనిచ్చాను. అందుకే ఈ ఏడు ఫోన్ నీ పాలు.

మన 'బాయిష్ తాత సంతానం' గ్రూపులో నూట ఎనభై ఆరుగురున్నారు. ఎవరైనా ఏదైనా పెడితే నా పేరుతో పలకాలి. పలకకపోతే అసిల్‌కాన్‌కు గర్వం పెరిగిందంటారు. పుట్టిన వాళ్ళకు పువ్వు, పోయిన వాళ్ళకు జోడించిన చేతులు, ఒరోజ్ తాత దువా పెడితే 'ఆమీన్'. ఆమీన్ అనని వాళ్ళను ఆయన గుర్తుపెట్టుకుని పెళ్ళిళ్ళలో దెప్పుతాడు.

ఇక అసలు సంగతి. నువ్వు ఏం పెట్టినా, పెట్టాక దాన్ని వేలితో నొక్కి పట్టుకో. ఎవరెవరు చూశారో పేర్లు వస్తాయి. అందులో కుందుజ్ పేరు ఉందేమో చూసి నాకు రాయి. మూడేళ్ళుగా నేను ఆ గ్రూపులో పెట్టిన ప్రతి పువ్వూ, ప్రతి దండమూ ఆ ఒక్క పేరు చూడడానికే పెట్టాను. ఇది నువ్వు ఎవరికీ చెప్పకు. దానికి మాత్రం ఒక్క ముక్క కూడా రాయకు. తండ్రికి మన్ను వేయడానికి రాని కూతురితో ముందు మాట్లాడాల్సింది నేను కాదు.

కురుత్ కోసం పులిసిన పెరుగు ఉండలు చేసి ఆరబెట్టాను. కాకులు నాకంటే ముందే రుచి చూస్తున్నాయి.

మీ అక్క,
అసిల్‌కాన్


కారా-బులుంగ్,
జూన్ 12

అసిల్‌కాన్ అక్కకు,

మీ మోకాళ్ళు, మీ గుర్రాలు, మీ గుడారం అన్నీ క్షేమమని తలుస్తాను. మేం క్షేమం. మీ తెల్లబ్బాయి మూలుగు ఆపలేదు. నిన్న ఎవరో గుర్రపు పందెం ఉందనగానే లేచి గోడ దూకి వెళ్ళాడు, వచ్చాక మళ్ళీ పడుకున్నాడు.

ముందు తిట్టనని మాటివ్వండి. గుల్సున్ వదిన గ్రూపులో దూడ ఫొటో పెట్టింది. నేను రొట్టెలు కాలుస్తూ కళ్ళజోడు లేకుండా చూసి, 'ఒకటికి వంద కావాలి' అని మీ పేరుతో దీవించాను. తీరా చూస్తే ఆ దూడ చచ్చిపోయిందట. గంట తరవాత ఆమె కొడుకు 'అసిల్‌కాన్ పెద్దమ్మకు మా మీద ఇంత కోపమా' అని రాశాడు. నేను మీ పేరుతో నాలుగు క్షమాపణలూ రెండు దండాలూ పెట్టి, మళ్ళీ నా ఫోన్‌లోంచి 'మా అక్కకు చూపు ఆనదు' అని సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు అంతా మీకు కళ్ళద్దాలు కొనిపెడదాం అంటున్నారు. మా బావగారు గుర్రాలాయన బతికి ఉంటే ఎంత నవ్వేవారో.

ఆ గొడవలో ఒక మంచి జరిగింది. నొక్కి పట్టుకుని చూశాను. నూట నలభై మంది చూశారు. అందులో కుందుజ్ ఉంది. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి చూసింది. అక్కడ ఇస్తాంబుల్‌లో కుట్టుపని వాళ్ళు టీ తాగే వేళ అయ్యుండదా?

ఇంకొకటి. కుందుజ్ తన పేరు పక్కన బొమ్మ మార్చింది. ఇన్నాళ్ళూ ఉన్న మంచుకొండ తీసేసింది. ఇప్పుడు ఒక బల్ల, దాని మీద టీ గిన్నె, గిన్నె పట్టుకున్న మగవాడి చేయి. చేయి మాత్రమే, మొహం లేదు. నేను ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకముందే గ్రూపులో ఆరుగురు మీకు రహస్యంగా శుభాకాంక్షలు పంపారు. ఏమని బదులు చెప్పను?

మీ చెల్లెలు,
బర్చిన్


ఉజున్-బెల్,
జూన్ 19

బర్చిన్‌కు,

చచ్చిన దూడను దీవించిన దానివి, రేపు ఒరోజ్ తాత దగ్గినా ఆమీన్ అంటావేమో. మెడలో తాడు కట్టుకుని తిరుగు, కళ్ళజోడు దానికి వేలాడదీయి.

శుభాకాంక్షలకు బదులేమీ చెప్పకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా కూతురు నాకు చెప్పకుండా ఒక చేతిని పెళ్ళాడిందని గ్రూపు చెబితే నేను తెలుసుకోవాలా? ఆ చేయి ఎవరిది? టర్కీ వాడిదా? ఉంగరం ఉందా? గిన్నె ఎలాంటిది? బల్ల మీద గుడ్డ ఉందా? పెద్దది చేసి చూసి, చూసింది చూసినట్టు రాయి. నీ కవిత్వం కలపకు.

నాకు కోపం లేదని ఊరికే అంటాను గానీ, ఉంది. కుందుజ్ నాన్న పోయిన రోజున పద్ధతి తప్పకూడదని నేను ఎంత జాగ్రత్త పడ్డానో నీకు తెలుసు. చావుకబురు ఫోన్‌లో చెప్పకూడదు. పెద్దవాళ్ళు వెళ్ళి, రెండు పక్కలా కూర్చుని, చేతులు పట్టుకుని వినిపించాలి. అందుకే ఇస్తాంబుల్‌లో ఉన్న మన చుట్టం ఎసెన్‌ను, ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని సాయంత్రం దాని గదికి వెళ్ళమన్నాం. వెళ్ళారు. తలుపు కొట్టారు. లోపల దీపం ఉంది, మనిషి అడుగుల చప్పుడూ ఉంది. తలుపు తీయలేదు. గంట నిలబడి వచ్చేశారు. నలభయ్యో రోజుకు రాలేదు, ఏడాది పెట్టినప్పుడూ రాలేదు. నేను ఇంటి ముందు వేసిన చావుగుడారంలో గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే, వచ్చిన ప్రతి ఆడదీ 'కుందుజ్ రాలేదా' అనే ఓదార్చింది.

ఇంత చేసిన పిల్ల బొమ్మ మార్చిందంటే నాకు అన్నం సయించడం లేదు. ఇదేం మనసో.

గుర్రపు పాలు బాగా పులిసి కుమిస్ అయ్యాయి, సాపర్‌తో ఒక తోలుసంచి పంపుతున్నాను. మూత గట్టిగా ఉంది, దారిలో తగ్గితే ఎవరు తాగారో తెలిసిపోతుంది.

అసిల్‌కాన్


కారా-బులుంగ్,
జూన్ 27

అక్కకు,

క్షేమమని తలుస్తాను. సంచి సగమే వచ్చింది. దారి ఎగుడుదిగుడు అన్నాడు సాపర్.

చూసింది చూసినట్టు రాస్తున్నాను. గిన్నె మన గిన్నెల్లాంటిదే, నీలం మీద తెల్లటి పత్తిపువ్వు. బల్ల మీద గుడ్డ లేదు, రొట్టె ముక్కలున్నాయి. ఉంగరం లేదు. చేయి నల్లగా, మోటుగా ఉంది. కుర్రాడి చేయి కాదు. బొటనవేలి గోరు మధ్యలో చీలి, రెండు పలకలుగా పెరిగింది. బొమ్మ అంచున ఎర్రగళ్ళ గుడ్డ కొంచెం కనబడుతోంది. ఇంతకు మించి పెద్దది చేస్తే అంతా చుక్కలే.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. కూర్చుని చదవండి.

మీరు పోయినేడు బూడిదగుర్రం పక్కన దిగిన ఫొటో మీ ఫోన్‌లో ఉంది కదా. గ్రూపులో అంతా మీ చూపు గురించే మాట్లాడుతుంటే మనసు ఉండబట్టక దాన్ని పెట్టి, 'ఇది మళ్ళీ ఈనింది' అని రాశాను. డెబ్భై మంది పువ్వులు పెట్టారు. మర్నాడు కుందుజ్ గ్రూపులో కాదు, విడిగా, మీకు మాత్రమే రాసింది. మూడేళ్ళలో మొదటిసారి. 'పిల్ల ఏ రంగు?' అంతే.

మిమ్మల్ని అడిగి చెప్పాలంటే వారం పడుతుంది. వారం మాట్లాడకపోతే మళ్ళీ మూసుకుంటుందని భయమేసింది. 'నల్లది. గుర్రాలాయన ఎక్కిన నల్లదాని పోలికే' అని రాశాను. 'రాస్తోంది' అని కనిపిస్తుంది, ఆగిపోతుంది, మళ్ళీ కనిపిస్తుంది. నా రొట్టెలు మాడిపోయాయి. చివరికి 'నడుస్తోందా?' అంది. 'పరుగెత్తుతోంది' అన్నాను.

అప్పటి నుంచి రోజూ ఒకటో రెండో అడుగుతోంది. వాగులో నీళ్ళున్నాయా, గుడారం ఎక్కడ వేశారు, కురుత్‌లో ఉప్పు ఎక్కువైందా. నేను మీరై చెబుతున్నాను. అక్కా, ఒక్కసారి కూడా ఇంట్లో మనుషుల గురించి అడగదు. అన్నీ గుర్రాల గురించీ నీళ్ళ గురించే. నిన్న గొంతుతో మాట్లాడనా అని అడిగింది. గొంతు బొంగురు పోయిందని తప్పించుకున్నాను.

తిట్టండి. కానీ ఆపమని మాత్రం అనకండి.

బర్చిన్


ఉజున్-బెల్,
జూలై 4

బర్చిన్‌కు,

తిట్లు దాచి ఉంచాను, కలిసినప్పుడు ఇస్తాను.

నీ ఉత్తరం గుర్రం కట్టుతాడు దగ్గర నిలబడి చదివాను. గోరు దగ్గరికి వచ్చేసరికి కింద కూర్చుండిపోయాను. పాలు పితికే వేళ దాటిపోయింది, పిల్లలన్నీ అరుస్తున్నాయి, నేను ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

ఆ చేయి ఏ టర్కీ వాడిదీ కాదు. కుందుజ్ పుట్టిన ఏడు పోతుగుర్రం తాడు బిగిసి దాని నాన్న బొటనవేలు నలిగింది. గోరు మళ్ళీ ఒక్కటిగా పెరగలేదు. నువ్వు ఈ ఇంటి చిన్నకోడలివి, ఆయన ముందు తలెత్తి ఎరగవు. పదహారేళ్ళు ఆ చేతికి టీ అందించావు గానీ ఆ చేతిని చూడలేదు. నీ తప్పు కాదు, మన పద్ధతే అంత.

అది నా మేనల్లుడి పెళ్ళిలో దిగిన ఫొటో. ఆయన పక్కన కూర్చున్నది నేను. ఆ ఎర్రగళ్ళ గుడ్డ నా చొక్కా చేయి. నన్ను కత్తిరించేసింది, బర్చిన్. తండ్రి చేయి ఉంచుకుని, తల్లిని అంచు దగ్గర కోసేసింది. నేను చేసిన నేరమేమిటో మూడేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకడం లేదు.

ఇన్నాళ్ళూ అది తండ్రిని మరిచిపోయిందని కోపంగా ఉన్నాను. మరిచిపోలేదు. ఆ సంతోషం నాకు చాలా పెద్దది. కానీ ఇప్పుడు కోపం పెట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు, ఉట్టి బెంగే మిగిలింది. కోపమే నయం, అది ఉంటే పని సాగేది.

నా పేరుతో రాస్తున్నావు కాబట్టి ఇది నా మాటగా రాయి. 'ఆ రోజు తలుపు ఎందుకు తీయలేదు?' ఇంతే. ఒక్క అక్షరం మార్చకు, పువ్వులు పెట్టకు. ఏం చెబుతుందో సాపర్ వచ్చే రోజుకు నాకు తెలియాలి.

అసిల్‌కాన్


కారా-బులుంగ్,
జూలై 15

అక్కకు,

పోయిన వారం సాపర్ వచ్చి హారన్ కొడుతుంటే తలుపు చాటున దాక్కున్నాను. ఈ వారం దాక్కోలేను. మీరు రాయమన్న మాట రాయలేదు. రాస్తే దానికి అది చెప్పే జవాబు నాకు ముందే తెలుసు.

ఆ రోజు మీరు గుడారంలో ఉన్నారు. భర్త పోయిన ఆడదాని చేతిలో ఫోన్ ఉండదు కదా, మీ ఫోన్ నా చేతికి ఇచ్చారు. పొద్దున్నే ఒరోజ్ తాత కొడుకు ఇంకో గ్రూపు చేశాడు, కుందుజ్‌కు ముందుగా తెలియకూడదని. అదే పేరు, అదే తెల్లటోపీ బొమ్మ, అవే మనుషులు. కుందుజ్ ఒక్కతే లేదు. పనులన్నీ ఆ గ్రూపులోనే చెప్పుకోవాలన్నారు.

బయట జనం. ఒకరు టీ కాచే సమోవార్లు ఏవి అంటారు, ఒకరు ఏ గుర్రాన్ని కోయాలి అంటారు. నేను ఏడుస్తూనే మీ ఫోన్‌లో రాశాను. 'ఆయన తెల్లవారుజామున పోయారు. గురువారం మన్ను. ఆరు సమోవార్లు కావాలి, పెద్ద బానలు ఎవరి దగ్గరున్నాయి? గోధుమరంగు గుర్రాన్ని కోస్తాం.' పంపాను. అది తప్పు గ్రూపు. అది కుందుజ్ ఉన్న గ్రూపు.

నాలుగైదు నిమిషాలకు తెలిసింది. అందరికీ కనబడకుండా తుడిచేశాను. తుడిచేముందు వేలితో నొక్కి పట్టుకుని చూశాను. పదకొండు పేర్లు. మొదటిది కుందుజ్.

కుట్టుమిషన్ ముందు కూర్చుని, తండ్రి చావును అమ్మ ఫోన్ నుంచి, సమోవార్ల లెక్కతో కలిపి చదివింది. సాయంత్రం ఎసెన్ వాళ్ళు వెళ్ళేసరికి దానికి వినిపించడానికి కబురు మిగల్లేదు. ఇక తలుపు ఎందుకు తీస్తుంది?

అప్పుడే మీ కాళ్ళ మీద పడి ఉంటే ఒక్క రోజు గొడవతో పోయేది. రేపు చెబుదాం, నలభై దాటాక చెబుదాం, ఏడాది దాటాక చెబుదాం అనుకుంటూ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. 'కుందుజ్‌కు రాయి గుండె' అని మీరు అన్న ప్రతిసారీ మీకు టీ పోస్తూ ఊఁ కొట్టింది నేనే.

ఈ వేసవి మీ ఫోన్ మళ్ళీ నా చేతికి ఇచ్చినప్పుడు చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మీరు పిండిచేతులు అనుకున్నారు.

బర్చిన్


ఉజున్-బెల్,
జూలై 24

ఉత్తరం అందింది.

కురుత్ పంపుతున్నాను, పిల్లలకు. ఫోన్ ఆపేసి నా సందూకలో పెట్టు. తాళం సాపర్‌కు ఇచ్చి పంపు.

కొన్నాళ్ళు నాకు రాయకు.

అసిల్‌కాన్


కారా-బులుంగ్,
ఆగస్టు 2

అక్కకు,

రాయొద్దన్నారు. ఇది రాయక తప్పదు, తరవాత మీరు అన్నన్నాళ్ళు నోరు మూసుకుంటాను.

ఫోన్ ఆపబోయే ముందు కుందుజ్ దగ్గర నుంచి వచ్చింది. 'ఆగస్టు పద్నాలుగున వస్తున్నాను. మేతకొండకే వస్తాను. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దు, గ్రూపులో అసలు వద్దు.' నేను బదులు రాయలేదు. చూసినట్టు మాత్రం దానికి తెలిసిపోతుంది.

మీరు పిలుస్తున్నారని అనుకునే వస్తోందేమో, అక్కా. నా మాటలు నమ్మి వస్తోందేమో. వచ్చి మీ మొహం చూశాక అవి మీ మాటలు కావని తెలిస్తే ఈసారి ఏ తలుపు వేసుకుంటుందో. ముందే రాసి నిజం చెప్పేయనా? నేనే సాపర్ బండిలో దానితో రానా? దారిలో చెబుతాను, కొడితే పడతాను.

ఫోన్ సందూకలో పెట్టాను. తాళం ఇందులో ఉంది.

బర్చిన్


ఉజున్-బెల్,
ఆగస్టు 7

బర్చిన్‌కు,

చెప్పకు. రాకు. దానికి ఫోన్‌లో ఒక్క ముక్క రాయకు. ఒకసారి ఫోన్‌లో చెప్పినందుకే మూడేళ్ళు పోయాయి.

నేను నీతో మాట్లాడకుండా ఉన్న రోజుల్లో పాలు పితుకుతూ నిన్ను తిట్టాను, గుర్రాలు నన్ను చూసి బెదిరాయి. ఆ తరవాత నన్ను నేను తిట్టుకున్నాను. ఎసెన్ వచ్చి తలుపు తీయలేదన్నప్పుడు మళ్ళీ కొట్టమని ఎందుకు అనలేదు? నేనే ఒక్కసారి ఫోన్ చేసి ఎందుకే అని అడిగితే ఏం పోయేది? పెద్దదాన్ని, ముందు మాట్లాడకూడదని కూర్చున్నాను. గ్రూపులో పువ్వులు పెట్టి, చూసిందా లేదా అని లెక్కపెట్టుకున్నాను. తప్పు గ్రూపులో పంపింది నువ్వు. ఆ తప్పును మూడేళ్ళు మోసింది మాత్రం ఇద్దరమూ.

ఇప్పుడు చేయాల్సింది విను. ఒరోజ్ తాతను, గుల్సున్‌ను, ఇంకో ఇద్దరు మగపెద్దలను, ఒక ఆడమనిషిని పదమూడున సాపర్ బండిలో పైకి పంపు. ఎందుకని అడిగితే నేను రమ్మన్నానని చెప్పు. తాతను చేతికర్ర, తెల్లటోపీ తెచ్చుకోమను. గుల్సున్‌కు దూడ విషయంలో క్షమాపణ నేనే చెబుతాను. కుందుజ్‌ను పద్నాలుగున సాపర్ ఒక్కడే తీసుకురావాలి. దారిలో పాట పెట్టొద్దను.

సందూకలో నా ఎర్రగళ్ళ చొక్కా ఉంది. తాళం తిరిగి పంపుతున్నాను. తీసి పంపు.

అసిల్‌కాన్


ఉజున్-బెల్,
ఆగస్టు 19

బర్చిన్‌కు,

పిల్లలూ పశువులూ క్షేమమేనా? మేం క్షేమం. మేం అన్న మాట మూడేళ్ళ తరవాత రాస్తున్నాను.

బండి వాగు దాటుతుంటే చూశాను. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. బండి దిగి గుడారం వైపు రాబోతూ, బయట కర్ర మీద ఆనుకుని నిలబడ్డ ఒరోజ్ తాతను, ఆయన పక్కన మగవాళ్ళను చూసి ఆగిపోయింది. ఇంట్లో చావు జరిగినప్పుడే మగవాళ్ళు అలా నిలబడతారని దానికి తెలియదా? 'ఏమైంది?' అంది. గుల్సున్, ఇంకొకామె చెరో చేయీ పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఎర్రగళ్ళ చొక్కా వేసుకున్నాను.

ఒరోజ్ తాత మొదలుపెట్టాడు. పుట్టినవాళ్ళంతా పోయేవాళ్ళేనని, కొండ కూడా అరుగుతుందని, చెప్పవలసిన నాలుగు మాటలూ చెప్పాడు. నువ్వూ నేనూ ఎన్నడూ నోటితో పలకని పేరు ఆయన పలికాడు. 'అమ్మా కుందుజ్, మీ నాన్న తుర్దుబాయ్ పోయాడు. గుండె గట్టి చేసుకో తల్లీ' అన్నాడు.

మూడేళ్ళ కిందటి కబురు, బర్చిన్. అది అప్పుడే విన్నట్టు కేక పెట్టింది. నేను విన్న ఏడుపుల్లో అంత ఏడుపు లేదు. గోడ వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని తండ్రిని తలచుకుని పాడింది. ఆ పాట ఎక్కడ నేర్చుకుందో, కుట్టుమిషన్ల మోతలో ఎన్నిసార్లు తనలో తాను పాడుకుందో, ఒక్క మాట తడబడలేదు. నేను గొంతు కలిపాను. బయట మగవాళ్ళు ఏడ్చారు. సాపర్ బండి చక్రం దగ్గర కూర్చుని ఏడ్చాడు.

సాయంత్రం పొయ్యి దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు నేను చెప్పబోయాను, అవి నా మాటలు కావని. అది నవ్వింది.

'తెలుసు. రెండో మాటకే తెలిసింది. నువ్వు నాన్నను మీ నాన్న అంటావు. గుర్రాలాయన అని పిన్ని తప్ప ఎవరూ అనరు' అంది.

తెలిసీ నెలన్నర ఎందుకు రాశావే అన్నాను.

'ఎవరైతేనేం, ఇంటి నుంచి రాస్తున్నారు కదా' అంది. కాసేపు పొయ్యిలో పిడకలు సర్ది, 'నీ ఫోన్‌లో ఇప్పుడు పిన్ని రాస్తోందంటే, ఆ రోజు కూడా పిన్నే రాసిందేమో అనిపించింది. అది అనిపించిన రోజునే టికెట్ కొన్నాను' అంది.

చూశావా, నువ్వు చేసిన దొంగపనే నీ పాత తప్పును బయటపెట్టింది. తరవాత దాని ఫోన్‌లో అసలు ఫొటో చూపించింది. కోయలేదు. నేను పూర్తిగా ఉన్నాను, నోట్లో రొట్టె పెట్టుకుని. గ్రూపులో అందరికీ కనబడే బొమ్మ దగ్గర మాత్రం కోసిందట. కోసేటప్పుడు చొక్కా చేయి దాకా వచ్చి ఆగిపోయానంది.

ఇప్పుడు అది బూడిదగుర్రాన్ని పితుకుతోంది. నన్ను చూస్తే చెవులు వెనక్కి పెట్టే గుర్రం దాని భుజం నాకుతోంది. రాత పుస్తకం మీద పాలు చిందాయి, చూసుకోకుండా రాస్తున్నాను. వచ్చే నెలాఖరుకు తిరిగి ఇస్తాంబుల్ వెళ్ళాలి. పని ఉంది, గది ఉంది. నేను ఉండమని అనలేదు. తలుపు కొడితే తీస్తే చాలు.

నిన్ను కొట్టదట. అయితే నిజం నీ నోటితో వింటానంది. శనివారం సాపర్ బండెక్కి రా. రొట్టెలు తీసుకురా, మాడినవి వద్దు.

రాబోయే ముందు ఒక పని చెయ్యి. సందూక తెరిచి నా ఫోన్ తీయకు. నీ ఫోన్ తీసుకో. 'మా పెద్దాయన పోయిన కబురు ఆయన కూతురు కుందుజ్‌కు పెద్దల సమక్షంలో పద్ధతి ప్రకారం వినిపించాం. మూడేళ్ళ కిందట తప్పుగా పంపింది నేను' అని రాయి. కింద నీ పేరు పెట్టు. నూట ఎనభై ఆరుగురూ చూడాలి. ఒరోజ్ తాత ఆమీన్ అంటానన్నాడు, మిగతావాళ్ళ చేతా అనిపిస్తాడు.

పంపే ముందు అది ఏ గ్రూపో ఒకసారి చూసుకో.

మీ అక్క,
అసిల్‌కాన్